నాన్నకి ముక్కునైన చలికాలం

మొన్న ఆదివారం మా మనవరాలు కేకు చేసింది. వంటింటి గట్టు మీద దానికో కరెంటు పొయ్యి ఉంది, ఆ పొయ్యికో గంట. "నలభై నిమిషాలు పెట్టాను అమ్మమ్మా, అదే గంట కొడుతుంది" అని చెప్పి ఫోను పట్టుకుని కూర్చుంది. నేను ముందుగదిలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. కాసేపటికి "ఒసేయ్, అయిపోయింది, తీసెయ్యవే" అని కేకేశాను. "ఇంకా ఏడు నిమిషాలుంది" అంది. "నీ గంట సంగతి నాకు తెలీదు. అంచులు మాడబోతున్నాయి. తీస్తావా, నన్ను లేవమంటావా?" అన్నాను. విసుక్కుంటూనే తీసింది. అంచులు అప్పటికే ముదురు రంగుకి తిరుగుతున్నాయి. "నీది ముక్కా, మెషీనా?" అని నోరు తెరిచింది పిల్ల.

ముక్కే. ఒక చలికాలమంతా మా ఇంటిల్లిపాదీ దాని పుణ్యాన అన్నం తిన్నాం. ఈ సంగతి నేను నా పిల్లలకి కూడా చెప్పలేదు. చెప్పాలంటే నేను చేసిన ఓ పాడుపని కూడా చెప్పుకోవాలి, అందుకని.

అప్పుడు బస్తర్ ఇంకా రాజుల సంస్థానం. మా నాన్న అడవుల దొర దగ్గర ఖాన్సామా, అంటే వంటమనిషి. మా వాళ్ళది శబరి ఒడ్డున చిన్న పల్లె. నాన్న కుర్రతనంలో ఊరొదిలి పోయి, గోదావరి దిగువన ఎవరో ముసలి బట్లరు దగ్గర అంట్లు తోముతూ దొరల వంట నేర్చుకున్నాడు. ఎండాకాలం, వానాకాలం దంతెవాడ బంగళాలో ఉండేవాళ్ళం. చలి మొదలయిందంటే అడవి మీద పడేవాళ్ళం. దొర గుర్రం మీద, దొరసాని మేనాలో, వెనకాల పది పన్నెండు బళ్ళు. ఆఖరు బండిలో వంటసామాను, కోళ్ళగంప, అమ్మ, నేను. ఆవపల్లి, చింతలనార్, పేరు తెలియని వాగుల పక్కన, ఎక్కడ దొర చెయ్యి చూపిస్తే అక్కడ డేరాలు లేచేవి.

ఆ అడవిలో మా నాన్న కేకులు కాల్చేవాడంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. కిరసనాయిలు డబ్బాని అడ్డంగా పడుకోబెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తి, అడుగున ఇసక పోసేవాడు. కింద నిప్పులు, పైన నిప్పులు. నోటికి రేకుమూత పెట్టి, సందుల్లో తడిమట్టి పూసేవాడు. అదే పొయ్యి. రొట్టెకి ఈతకల్లు పోసి పిండి పులియబెట్టేవాడు, కేకుకి గుడ్లు గిలక్కొట్టేవాడు. బిస్కెట్లయితే వెన్నా చక్కెరా పిండీ కలిపి, నా చెవి తమ్మె అంత మెత్తగా వచ్చిందాకా పిసికేవాడు. నిజంగానే మధ్యలో నా చెవి పట్టుకుని చూసేవాడు. చేతికున్న పిండంతా నా చెవికి అంటేది. "పనికి నా చెవే దొరికిందా నాయినా?" అని నేను అరిస్తే "దొరసాని చెవి పట్టుకుంటే ఊరుకుంటదా?" అనేవాడు.

గంటా లేదు, గడియారం దొర జేబులో తప్ప ఎక్కడా లేదు. అన్నీ నాన్న ముక్కే చెప్పేది. ఆ మట్టి పొయ్యి మూత ఒకసారి తీస్తే మళ్ళీ వేడి నిలవదు, కేకు నడుమ గుంట పడి కూర్చుంటుంది. అందుకని పొయ్యికి ఐదడుగుల దూరంలో గొంతుక్కూచుని, కళ్ళు మూసుకుని, వాసన పట్టేవాడు. ముందు పచ్చిగుడ్డు వాసన, తరవాత వెన్న, ఆ తరవాత కాగిన పాల వాసన. ఆఖర్న బెల్లం ముదురుపాకం లాంటిది ఒకటి సన్నగా తగిలేది. అది తగిలీ తగలగానే చటుక్కున లేచి మూత లాగేసేవాడు. ఒక్కనాడూ తప్పలేదు.

ఆ ఏడు వానల్లో నాన్నకి విషజ్వరం వచ్చింది. ఇరవై రోజులు మంచం మీద ఉన్నాడు. లేచాడు, బలం పుంజుకున్నాడు, పనిలోకి పోయాడు. ఒకరోజు అమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పొయ్యి మీద పాలు మాడి బొగ్గయి ఇల్లంతా కంపు కొడుతోంది. నాన్న ఆ పొయ్యికి వీపు పెట్టి ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"ఏందయ్యా, ముక్కు మూసుకున్నవా? పాలు మాడిపోయినయి!" అంది అమ్మ.

నాన్న తిరిగి గిన్నె చూశాడు. వంగి దాని మీద మొహం పెట్టాడు. గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఉల్లిపాయ ముక్క తీసి పీల్చాడు, ఇంగువ డబ్బా తీసి పీల్చాడు. ఆఖరికి నేల మీద కూలబడి "రాట్లేదే" అన్నాడు. అంతే అన్నాడు. మా అమ్మ వెంటనే పోయి తలుపు వేసింది.

వాసన తెలియని వంటవాణ్ణి ఏ దొర ఉంచుకుంటాడు? చెడిన మాంసం పెడితే? విరగబోయే పాలు టీలో పోస్తే? పైగా దొర దగ్గర బేరా ఒకడున్నాడు. బల్ల దగ్గర వడ్డించేవాడు, ఉత్తరాది మనిషి, మీసాలకి నూనె రాసేవాడు. తన తమ్ముణ్ణి ఖాన్సామాగా పెట్టించాలని వాడికి ఎప్పటినుంచో ఉంది. వాడికి తెలిస్తే సాయంత్రంలోపు మేము రోడ్డు మీద ఉంటాం. ఊళ్ళో మాకు పొలమూ లేదు, పుట్రా లేదు.

అప్పుడు అమ్మ నన్ను ముందుకి తోసింది. "దీని ముక్కు కుక్కముక్కు. పక్కింట్లో ఏం కూరో చెప్తది" అంది. అది తిట్టో మెప్పో నాకిప్పటికీ తెలీదు.

అలా నేను మా నాన్నకి ముక్కునయ్యాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళుంటాయేమో.

ఎవరూ లేనప్పుడు మామూలుగా చెప్పేదాన్ని. ఎవరన్నా ఉంటే మాత్రం మాకు రెండు మాటలు. "నాయినా, ఆకలైతుంది" అంటే బాగుందని, కేకయితే కాలిందని. "నాయినా, నిద్రొస్తంది" అంటే చెడిందని, మాడుతోందని. ఈ ఉపాయం అమ్మదే. పిల్లలు ఎప్పుడూ ఈ రెండిటికే ఏడుస్తారు కదా, ఎవరికీ అనుమానం రాదంది. మొదట్లో నాకు మహా గర్వంగా ఉండేది. అడవుల దొర పళ్ళెంలోకి పోయే ప్రతి ముద్దా నా ముక్కు దాటి పోవాల్సిందే. ఇంత అధికారం మా దొరకి కూడా ఉందో లేదో!

కానీ ఆ గర్వం కార్తీకం దాటకుండానే పోయింది. ఎందుకంటే ఆ ఏడు నేను బడికి పోవాలి. జగదల్‌పూర్‌లో మా పెద్దమ్మ ఉంది, పెదనాన్న ఒక బంగళాలో తోటపని చేసేవాడు. అక్కడ ఆడపిల్లల బడి ఉంది. దొరల పండగ, అదే క్రిస్మస్, అయ్యాక కొత్త పిల్లల్ని చేర్చుకుంటారు. పెద్దమ్మ ఒప్పుకుంది, అమ్మ నాకు రెండు గౌన్లు కుట్టించింది, నేను పలక మీద నా పేరు రాసుకుని నిద్రపోయేటప్పుడు తల కింద పెట్టుకునేదాన్ని. నాన్న జ్వరానికి ముందు "నా బిడ్డ చదువుకుంటది" అని కనిపించిన బండివాడికల్లా చెప్పేవాడు. జ్వరం తరవాత ఆ మాట ఎత్తడం మానేశాడు. అమ్మ ఎత్తితే "ఈ ఏడు వద్దులే" అనేవాడు.

ఆ చలికాలం చింతలనార్ దాటి ఓ వాగు పక్కన డేరాలు వేశాం. దొరల పండగకి జగదల్‌పూర్ నుంచి పెద్ద దొర ఒకాయన అతిథిగా వస్తున్నాడన్నారు. ఆయన బళ్ళు పండగ మర్నాడు పొద్దున్నే వెనక్కి పోతాయి. నన్ను పంపాలంటే ఆ బళ్ళలోనే పంపాలి. అవి పోతే మళ్ళీ ఎండలొచ్చేదాకా అటు పోయే తోడే లేదు.

పండగకి వారం ముందు బేరా వంట డేరాలోకి వచ్చాడు. చేతిలో వెన్న డబ్బా. "ఖాన్సామాజీ, మేమ్‌సాబ్ అడుగుతోంది. ఈ వెన్న ఖరాబ్ అయిందంట. జర వాసన చూసి చెప్పు" అన్నాడు. డబ్బా నాన్న మొహం ముందుకి తెచ్చి పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. డబ్బా నాన్న చేతికివ్వలేదు. వాడికి ఏదో తెలిసింది.

నేను మూల బియ్యంబస్తా దగ్గర ఉన్నాను. అక్కణ్ణించి నాకు వాసన అందదు. నాన్న తల వంచి పీల్చాడు. కనుబొమలు ముడిచాడు, ఆలోచిస్తున్నట్టు గడ్డం గోక్కున్నాడు. లేచి పోయి నాన్న కోటు పట్టుకుని, వాళ్ళిద్దరి మధ్యలో దూరి, తల ఎత్తాను. డబ్బా అడుగు నా నెత్తికి తగిలింది. తాజా వెన్న. నిన్న చిలికింది.

"నాయినా, ఆకలైతుంది" అన్నాను.

"ఎవడన్నడు చెడిందని?" అన్నాడు నాన్న గొంతు పెంచి. "నిన్న నా చేత్తో చిలికిన. మేమ్‌సాబ్ అన్నదా, నువ్వన్నవా?"

బేరా నవ్వాడు. నాన్నని చూసి కాదు, నన్ను చూసి. "ఈ పిల్లకి ఎప్పుడు చూసినా ఆకలేనా?" అని డబ్బా అక్కడే పెట్టి పోయాడు. ఆ రోజునుంచి వేళాపాళా లేకుండా వాడు వంట డేరాలోకి రావడం మొదలుపెట్టాడు. మేము పులి తిరిగే చోట్లలో బతికాం గాని, పులికి కూడా నేనంత భయపడలేదు.

ఈ భయంలో కూడా నా బుద్ధి ఊరుకునేది కాదు. కేకులోకని జగదల్‌పూర్ నుంచి తెప్పించిన కిస్మిస్ డబ్బాలోంచి రోజుకి గుప్పెడు తినేశాను. పండగ ముందురోజు నాన్న మూత తీసి చూస్తే అడుగున పిడికెడు మిగిలింది. నావైపు చూశాడు. నేను డేరా పైకప్పు వైపు చూశాను. తిట్టలేదు, అమ్మ దగ్గరున్న ఎండు ఇప్పపూలు తెచ్చి, కడిగి, సన్నగా తరిగి, బ్రాందీ చల్లి కలిపేశాడు. చూడ్డానికి కిస్మిస్ లాగే ఉన్నాయి. దొరసానికి ఆ సంగతి బతికినన్నాళ్ళూ తెలిసుండదు.

పండగ రోజు తెల్లవారకముందే అమ్మా నాన్నా పోట్లాడుకుంటుంటే మెలకువ వచ్చింది. గొంతులు తగ్గించుకుని పోట్లాడుతున్నారు.

"రేపు బళ్ళు పోతయి. పిల్లని ఎక్కిస్తవా, లేదా? ఒక మాట చెప్పు."

"ఎక్కిస్తే నా గతేంది? బేరా నా చుట్టే తిరుగుతున్నడు. అది లేకపోతే ఒక్క పూట గడవదే."

"దాని బతుకంతా నీ పొయ్యి పక్కన కూర్చోబెడతవా?"

నాన్న "వచ్చే ఏడు చూస్తం" అన్నాడు.

నేను దుప్పట్లో పలక పట్టుకుని పడుకున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది. నా ముక్కు కోసేసుకుందామా అనిపించింది.

సాయంత్రం టీకి కేకు. దొరసాని, దొర, పెద్ద దొర, ముగ్గురూ బయట చెట్లకింద బల్ల వేసుకుని తింటారు. పొద్దున్నే నాన్న పిండి జల్లించాడు, వెన్నా చక్కెరా తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టాడు. ఎనిమిది గుడ్లు వరసగా పెట్టాడు. అక్కడి పల్లెల్లో గుడ్లు తినడం తక్కువ, పొదగేస్తారు. మనం అడిగితే కోడికిందనుంచి తీసి ఇచ్చేస్తారు. అందుకని చూడ్డానికి శుభ్రంగా ఉండి, వాసనలో మురిగినవి చాలా వచ్చేవి. నీళ్ళలో వేసి చూసినా ఒక్కోటి మోసం చేసేది. ఒక్కొక్కటే కప్పులోకి కొట్టి, నా ముక్కు దగ్గర పెట్టి, నేను సరే అన్నాక గిన్నెలో పోసేవాడు.

మొదటిది బాగుంది. రెండోది బాగుంది. మూడోదీ బాగుంది. నాలుగోది కప్పులోకి కొడుతూ నాన్న, నా మొహం చూసే అన్నాడో, తన మనసుకి చెప్పుకున్నాడో, "వచ్చే ఏడు తప్పకుండ పోదువులే బిడ్డా" అన్నాడు.

నాకు తిక్క నెత్తికెక్కింది. కప్పు నా ముందుకొచ్చింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టాను. లోపలికి ఒక్క పోగు గాలి పోనివ్వలేదు.

"ఎట్లున్నది?"

"మంచిదే" అన్నాను.

అయిదో గుడ్డు కొట్టిన చప్పుడయింది. కప్పు మళ్ళీ ముందుకొచ్చింది. ఎంతసేపని బిగబట్టను? ఊపిరి వదిలి పీల్చాను. గుప్పుమని కొట్టింది మురుగు కంపు. అయిదోదానిదో, నాలుగోదాని తడి కప్పులో మిగిలిందో తెలీలేదు. కళ్ళు తెరవకుండానే "ఇదీ మంచిదే" అని, డేరా గుడ్డ ఎత్తుకుని బయటికి పరుగెత్తాను.

బండి కింద దూరి కూర్చున్నాను. మొదట కసిగా ఉంది. తినండి, అందరూ తినండి, నా బడి పోగొట్టిన మీ కేకు మీరే తినండి అనుకున్నాను. కాసేపటికి కసి దిగిపోయి భయం మొదలయింది. మురిగిన గుడ్డు కేకులో పోయింది. దొరసాని నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. బేరా అక్కడే నిలబడి ఉంటాడు. ఇంకేముంది? నాన్నని వెళ్ళగొడతారు. నడి అడవిలో, చలిలో, సామాను నెత్తిన పెట్టుకుని ఎటు పోతాం? పోయి చెప్పేద్దామని లేచాను. అప్పటికే నాన్న కేకు గిన్నె పొయ్యిలో పెట్టి మూతకి మట్టి పూస్తున్నాడు. పక్కన బేరా బీడీ కాలుస్తూ పీట వేసుకుని కూర్చున్నాడు.

"రా బిడ్డా, చలిగుంది, పొయ్యి కాడ కూర్చో" అన్నాడు నాన్న, ఏమీ ఎరగనట్టు.

కూర్చున్నాను. బేరా పొగ నా మొహం మీదికి వదిలాడు. "ఇవాళ ఖాన్సామాజీ పక్కన నేనూ కూర్చుంటా, కేకు ఎట్లా అయితదో నేర్చుకుంటా" అన్నాడు. నాన్న కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేసి, ఎప్పటిలాగే వాసన పడుతున్నట్టు కూర్చున్నాడు. బీడీ పొగలోంచి నేను వెతుక్కుంటున్నాను. మురుగు కంపు కోసం వెతుకుతున్నాను నిజానికి. రాలేదు. వెన్న వాసన వచ్చింది, ఇప్పపూల మత్తు వాసన వచ్చింది, పాలు కాగిన వాసన వచ్చింది. బ్రాందీ కింద కంపు దాక్కుని ఉంటుందనుకున్నాను. "నిద్రొస్తంది" అని అరిచి ఆ కేకుని మధ్యలోనే తీయించేస్తే? పాడయిందని పారేస్తారు. కానీ మధ్యలో తీసి పాడుచేసిన ఖాన్సామాని బేరా ఊరుకుంటాడా? ఎటు చూసినా నాన్నకే చుట్టుకుంటుంది. అలా కొట్టుకుంటుండగానే ముదురుపాకం వాసన సన్నగా వచ్చేసింది.

"నాయినా, ఆకలైతుంది" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. నాన్నకి వినపడింది. లేచి మూత లాగాడు. బేరా పీట మీదనుంచి లేచి, కేకుని చూసి, నన్ను చూసి, ఉమ్మేసి పోయాడు.

కేకు ఎప్పటికన్నా పొట్టిగా ఉంది. నాన్న దాన్ని చల్లార్చి, మీద పొడిచక్కెర చల్లాడు. తెల్లకోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని, పళ్ళెం రెండు చేతుల్తో పట్టుకుని బయల్దేరాడు. వంట డేరాకీ దొరల చెట్లకీ మధ్య వంద అడుగుల నేల. నేను సగం దూరంలో పరుగెత్తుకెళ్ళి కోటు పట్టుకుని వేలాడాను.

"పోవద్దు నాయినా. అది కింద పడెయ్యి. ఆ గుడ్డు... నేను వాసన చూడలే. నీ మీద కోపమొచ్చి ఊపిరి బిగబట్టిన. అది మురిగింది."

నాన్న ఆగాడు. దూరంగా దొరసాని తల తిప్పి చూస్తోంది. పెదవులు కదపకుండా మెల్లగా అన్నాడు.

"నాలుగోదా, అయిదోదా?"

"తెల్వదు."

"రెండూ పారబోసిన. నువ్వు లేక తక్కినవి కొట్టనేలే. మూడు గుడ్లతోనే చేసిన, పెరుగూ సోడా వేసి లాక్కొచ్చిన. వదులు, పోనియ్యి."

"నీకెట్ల తెలుసు?"

"నీ మాట మీద ఎవడు వండుతున్నడే? నీ మొహం చూసి వండుతున్న. మంచి గుడ్డుకి కూడా నీ ముక్కు ఇంత కదులుతది. నాలుగోదానికి కదల్లే. అయిదోదానికి మొహమే మాడిపోయింది." అని, ఒక్క క్షణం నన్ను అలాగే చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. తరవాత పళ్ళెం సరిగ్గా పట్టుకుని నడిచిపోయాడు.

నేను చెట్ల చుట్టూ మరుగుకి కట్టిన కనాతు గుడ్డ వెనకాల నక్కి చూశాను. నా ప్రాణం కాస్త కుదుటపడింది. ముక్కలు కోశారు. పెద్ద దొర తిని తల ఊపి ఇంకో ముక్క తీసుకున్నాడు. దొర తిన్నాడు. దొరసాని రెండు సార్లు నమిలి, ఆగి, హిందీలో అడిగింది. ఇవాళ కేకు బరువుగా ఉందేం, ఖాన్సామా? రోజూ ఇలా ఉండదే?

బేరా వెనకే టీ కెటిలు పట్టుకుని నిలబడ్డాడు. నాన్న గుడ్లు మంచివి దొరకలేదంటే సరిపోయేది. ఆ మాట నిజం కూడా. అదే అంటాడనుకున్నాను.

నాన్న రెండు చేతులూ కట్టుకున్నాడు. "హుజూర్, నాకు ముక్కు పనిచెయ్యదు. వానల్లో జ్వరమొచ్చినప్పటి నుంచి వాసన రాదు. ఇన్నాళ్ళు నా కూతురు వాసన చూసి చెప్తుంటే వండిన. ఇంక నాతోని కాదు" అన్నాడు.

దొరసాని చేతిలో చెంచా కింద పెట్టేసింది. పళ్ళెం ముందుకి నెట్టింది. వానల నుంచా? నాలుగు నెలలుగా మాకు తెలియకుండా పెడుతున్నావా అంది. ఆమె మొహం ఎర్రబడింది. అందరూ అనుకుంటారు, ఇలాంటి కథల్లో దొరసాని కరిగిపోయి కళ్ళు తుడుచుకుంటుందని. అలా ఏం లేదు. ఆమె భయపడింది, తరవాత కోప్పడింది. దొర లేచి నాన్నని గట్టిగా తిట్టాడు. పెద్ద దొర మాత్రం మూడో ముక్క తింటూ పగలబడి నవ్వాడు. బేరా మొహం చూడాల్సింది. వారం రోజులు వెతికినది ఒళ్ళో వచ్చి పడితే, తనకి పట్టుకునే పనే లేకుండా పోయిందని వాడికి ఏడుపు!

రేపటినుంచి వంట డేరాలో అడుగుపెట్టొద్దన్నారు. దీపాలు తుడిచే పనికి మనిషి కావాలి, ఉంటే అది చేసుకోమన్నారు. నాన్న సలాం చేశాడు. చేసి, పోకుండా నిలబడి, పెద్ద దొర వైపు తిరిగాడు. "రేపు మీ బళ్ళలో నా బిడ్డకి చోటిప్పించండి. జగదల్‌పూర్‌లో బడికి పోవాలె" అన్నాడు. ఆయన నవ్వు ఆపి, సరే పో అన్నట్టు చెయ్యి ఊపాడు.

మా డేరాకి రాగానే అమ్మ అందుకుంది. బడి బడి అని ఆర్నెల్లు పోరింది తనే. ఇప్పుడు నా గౌన్లు మూట కడుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ తిడుతోంది.

"నోరెట్ల వచ్చిందయ్యా నీకు? గుడ్లు చెడ్డయంటే పోయేది గదా? ఎవడన్న పట్టుకున్నడా నిన్ను?"

"పట్టుకోలే."

"మరి?"

నాన్న తలపాగా విప్పి మడత పెట్టాడు. "పిల్ల ఊపిరి బిగబట్టిందే. ఇవాళ గుడ్డు కాడ బిగబట్టింది. రేపు ఎక్కడ బిగబడతదో? ఇట్ల ఊపిరి బిగబట్టుకుని నా కోసం బతకమని నేనెట్ల చెప్పాలె దానికి?" అన్నాడు.

నేను పోనన్నాను. నేల మీద పడి దొర్లాను. ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను, అన్నీ వాసన చూస్తాను, నన్ను పంపొద్దు, పోయి దొరసానితో అబద్ధమని చెప్పు అని నాన్న కాళ్ళు పట్టుకున్నాను. "ఇప్పుడు పోనంటే కాళ్ళు విరిచి ఎక్కిస్త" అంది అమ్మ. మర్నాడు పొద్దున్నే మంచులో బండి ఎక్కించారు.

చదువుకున్నాను. మొదటి ఏడాది ఏడుస్తూ, తరవాత ఇష్టంగా. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. ఇదంతా ఆ బండి వల్లే. కానీ నేను చెప్పుకోవాల్సింది ఇంకొకటి మిగిలింది.

ఆ వేసవి సెలవులకి మొదటిసారి దంతెవాడ వచ్చాను. జడలకి రిబ్బన్లు కట్టుకుని, ఇస్త్రీ గౌనుతో బండి దిగాను. నాన్న బంగళా వెనకనుంచి పరుగెత్తుకొచ్చాడు. అప్పుడాయనకి తెల్లకోటు లేదు. పొద్దంతా దీపాలు తుడిచి, వత్తులు కత్తిరించి, కిరసనాయిలు పోసీ పోసీ చేతులు నల్లబడ్డాయి. "వచ్చిందే నా బిడ్డ!" అని నన్ను ఎత్తుకున్నాడు. కిరసనాయిలు కంపు నా ముక్కు పగలగొట్టింది. బట్టల్లో, జుట్టులో, చర్మంలో అదే. తన దగ్గర అంత వాసన వస్తుందని ఆయనకెలా తెలుస్తుంది? నేను ఒక్క మాటా అనలేదు. ఒట్టు, ఒక్క మాటా అనలేదు. కానీ నా మొహం ఉంది కదా.

నన్ను మెల్లగా కిందికి దించేశాడు.

ఆ తరవాత నేను సెలవులకి వచ్చిన ప్రతిసారీ, బండి వచ్చే రోజు తెల్లవారుజామునే లేచి శంఖిని ఏట్లో ఇసకతో ఒళ్ళు రుద్దుకుని రెండుసార్లు మునిగేవాడట, అమ్మ చెప్పింది. నేను దిగేసరికి తలంతా తడిగా, ఉతికిన పంచెతో, బండికి పది అడుగుల దూరంలో నిలబడి ఉండేవాడు. దగ్గరికి వచ్చేవాడు కాదు. చేతులు వెనక్కి పెట్టుకుని, నవ్వుతూ, అక్కణ్ణించే నా మొహంలోకి చూసి అడిగేవాడు.

"పర్వాలేదా అమ్మా? రావచ్చునా?"